ఉగాది ఈవెంట్: ల్యాబ్ స్టాఫ్ సన్మానం పనులు, వాలంటీర్లందరూ చూడండి

సన్మానం టీమ్, వైజాగ్ నుంచి:
అందరికీ నమస్తే. నేనింకా వైజాగ్‌లోనే ఉన్నాను, ఎంవీపీ కాలనీలో అమ్మావాళ్ళింట్లో, వచ్చే నెల మొదట్లో మాంచెస్టర్ వచ్చేస్తాను. ఈసారి ఉగాదికి మన పిల్లలు చదివే యూనివర్సిటీల్లో రీసెర్చ్ ఫెసిలిటీలు నడిపే స్టాఫ్‌ని పిలిచి సన్మానం చేద్దాం అనుకున్నాం కదా, దాని పనులు ఇక్కడే రాసుకుందాం, వాట్సాప్‌లో రాస్తే గుడ్‌మార్నింగ్‌ల కింద పడి ఎవరికీ దొరకట్లేదు.

అసలు వీళ్ళెవరు అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. పెద్ద మైక్రోస్కోపులు, పదార్థంలో ఏముందో, ఎలా ఉందో చెప్పే ఎన్ఎంఆర్, మాస్ స్పెక్ లాంటి ఖరీదైన మెషిన్లు ఏ ఒక్క ప్రొఫెసర్‌కో కాకుండా అందరికీ కలిపి ఒకచోట పెడతారు, వాటిని నడిపేది, పిల్లలకి దగ్గర కూర్చుని నేర్పేది, అర్ధరాత్రి అలారం మోగితే లేచి వచ్చేది వీళ్ళే. ఎన్ఎంఆర్ మ్యాగ్నెట్ లోపల మైనస్ 269 డిగ్రీల్లో లిక్విడ్ హీలియం ఉంటుంది, అది తరిగిపోకుండా ఎవరో ఒకరు లెక్క చూసుకుంటూ ఉండాలి, మ్యాగ్నెట్ క్వెంచ్ అయిందంటే, అంటే ఉన్నట్టుండి వేడెక్కి అయస్కాంత శక్తి పోయిందంటే, హీలియం అంతా గ్యాస్ అయి పోతుంది, ఎంతోమంది పని ఆగిపోతుంది. ఆగకుండా చూసినవాళ్ళ పేరు మాత్రం రీసెర్చ్ పేపర్లో చివర ఒక లైన్, అదీ రాస్తే.

నాకెందుకింత పట్టుదలో చెప్తాను. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. అప్పుడు నేనిక్కడే ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మర్నాడు పొద్దున్న చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్ళాను, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వెళ్ళేసరికి మా టెక్నీషియన్ గారు పెందుర్తి నుంచి అప్పటికే వచ్చేసి ఉన్నారు, సగం దారి సైకిల్ భుజాన మోసుకుని. మైనస్ 80 ఫ్రీజర్ తలుపుకి అడ్డంగా టేప్ అంటించేసి, "ఏటమ్మా, దీన్ని ముట్టకండి, ఒక్కసారి తీసేరంటే చల్లదనం పోయినట్టే" అన్నారు. ఉన్న చిన్న జనరేటర్ దానికొక్కదానికే ఇచ్చేశారు. మరి మైనస్ 20లో ఉండాల్సిన నా ఎంజైములో? హార్బర్ వైపు నుంచి ఐసు దిమ్మ గోనెసంచిలో పట్టుకొచ్చి, నేలమీద కూర్చుని సుత్తితో పగలగొట్టి, రాళ్ళ ఉప్పు కలిపి థర్మాకోల్ పెట్టెల్లో సర్దారు. ఉప్పు కలిపిన ఐసు మైనస్ 21 దాకా దిగుతుందని నేనూ చదివినదే, ఆ టైముకి నాకు తట్టలేదు. కరెంటొచ్చేదాకా రోజూ నీళ్ళు వంచడం, ఐసు వెయ్యడం, ఉప్పు వెయ్యడం, ఆయన వేళ్ళు పాలిపోయి పగుళ్ళొచ్చేశాయి. నా మూడేళ్ళ పని మిగిలింది. థీసిస్‌లో గైడ్‌కి, ఫెలోషిప్ ఇచ్చినవాళ్ళకి, ఫ్రెండ్స్‌కి పేరుపేరునా థాంక్స్ రాశాను, ఆయన పేరు రాయలేదు. రాయొద్దని ఎవరూ అనలేదు, నాకే తోచలేదు. పదేళ్ళు దాటినా అది మనసులో ముల్లులాగే ఉంది.

అందుకే నామినేషన్ ఫారంలో "ఈయన ఎందుకు ఉత్తములు" లాంటి ప్రశ్నలు వద్దు. ఏ రోజు, ఏ మెషిన్ దగ్గర, మీకేం చేశారు, అంతే అడుగుదాం. గ్లాస్‌వేర్ కడిగేవాళ్ళు, స్టోర్స్ చూసేవాళ్ళు కూడా లెక్కలోకే వస్తారు.

లీడ్స్ నుంచి, స్టూడెంట్ వాలంటీర్:
అక్కా, నేను మా కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ మేడమ్ పేరు ఇస్తాను. నాలుగు గంటలు బుక్ చేసుకుని వెళ్తే నా స్లైడ్ ఒక్క నిమిషం చూసి, స్టెయినింగ్ (రంగు పట్టించడం) బాలేదు, గంటకింత అని మీ గ్రాంట్ డబ్బులు పోతాయి, మళ్ళీ చేసుకుని రా అని పంపేశారు, ఆ రోజు చాలా కోపమొచ్చింది. వారం తర్వాత కొత్త స్లైడ్ తీసుకెళ్తే తన లంచ్ మానేసి నాతో కూర్చున్నారు, ఆ ఇమేజే ఇప్పుడు నా మొదటి పేపర్లో ఉంది. ఒక డౌట్, ఇక్కడ యూకేలో 2017 నుంచి టెక్నీషియన్ కమిట్‌మెంట్ అని, టెక్నీషియన్లకి గుర్తింపు ఇస్తామనే ఒప్పందం ఉంది, యూనివర్సిటీలు సంతకాలు పెట్టాయి, టెక్నీషియన్ల కోసం పేపిన్ ప్రైజులు కూడా ఇస్తారు, మళ్ళీ మనమిచ్చేదేంటి అని మా సీనియర్ అంటున్నాడు.

సన్మానం టీమ్:
మంచి ప్రశ్న తమ్ముడూ. వాళ్ళిచ్చేది ఉద్యోగంలో గుర్తింపు, అది రావాలి, ఇంకా ఎక్కువ రావాలి. మనది వేరు. మీ అమ్మానాన్నలు ఇక్కడ కూర్చుని పిల్లాడు అంత దూరంలో ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడో అనుకుంటారు కదా, ఆ "ఎవరి దగ్గర"కి మనం ముఖం చూపిస్తున్నాం. నువ్వు రాసిన స్లైడ్ సంగతి ఉన్నదున్నట్టు ఫారంలో పెట్టు, పాలిష్ చెయ్యకు.

పేపిన్ ఎవరో యాంకర్ స్క్రిప్ట్‌లో తప్పకుండా పెట్టండి. డెనిస్ పేపిన్, రాబర్ట్ బాయిల్ దగ్గర అసిస్టెంట్‌గా చేశారు, 1679లో ఆవిరి బయటికి పోకుండా మూతపెట్టి ఉడికించే పాత్ర తయారుచేశారు, మన ప్రెషర్ కుక్కర్‌కి అదే మూలం. ల్యాబ్‌లో 121 డిగ్రీల్లో అన్నీ స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ కూడా ఆ వంశమే. హాల్లో అమ్మమ్మలకి ఆటోక్లేవ్ అంటే తెలియకపోవచ్చు, కుక్కర్ అంటే పట్టేస్తారు.

ట్రెజరర్ అంకుల్:
ఆలోచన బాగుందమ్మా. ఒక పేరున్న ప్రొఫెసర్‌ని చీఫ్ గెస్ట్‌గా పిలిచి ఆయన చేతుల మీదుగా ఇప్పిస్తే నిండుగా ఉంటుంది, స్పాన్సర్లకి చెప్పుకోడానికీ బాగుంటుంది. ఒక్కొక్కరికి గిఫ్ట్ ఎంతలో అనుకుంటున్నారు?

సన్మానం టీమ్:
అంకుల్, మీ మాట కాదంటున్నానని ఏమీ అనుకోకండి. ప్రొఫెసర్ గారు వస్తే ముందు వరసలో గౌరవంగా కూర్చోబెడదాం, కానీ శాలువా కప్పేది నామినేట్ చేసిన స్టూడెంటే అవ్వాలి. లేకపోతే ఫొటోలో మళ్ళీ మధ్యలో ప్రొఫెసర్ గారు, పక్కన వీళ్ళు, ఏళ్ళ తరబడి జరుగుతున్నదే జరుగుతుంది. గిఫ్ట్ చిన్నదే బెటర్, ఖరీదైనది ఇస్తే వాళ్ళు ఆఫీసులో డిక్లేర్ చేసుకోవాల్సి వస్తుంది, మనవల్ల ఇబ్బంది పడకూడదు.

ట్రెజరర్ అంకుల్:
సరేనమ్మా, ఒప్పుకున్నాను. స్పాన్సర్లతో నేను మాట్లాడుకుంటాను.

స్టేజ్ టీమ్ అక్క:
ఐదుగురు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, డాన్సుల మధ్యలో పెడుతున్నాను, చివర్లో పెడితే జనం భోజనాలకి లేచిపోతారు. ఫొటోలకి ముందే పర్మిషన్ అడగండి, ఫుడ్ టీమ్ పచ్చడితో సహా అన్నిటికీ అలర్జీ లేబుల్స్ పెట్టండి. వైజాగ్ టెక్నీషియన్ గారిని లైవ్‌లో తీసుకుందామా?

సన్మానం టీమ్:
లైవ్ వద్దక్కా, అక్కడ మాంచెస్టర్‌లో సాయంత్రం నాలుగంటే, వేసవి టైముకి గడియారాలు మారకముందు, ఇక్కడ వైజాగ్‌లో రాత్రి తొమ్మిదిన్నర, ఆయన ఎనిమిదిన్నరకే పడుకుంటారు. నిన్న పెందుర్తి వెళ్ళి కలిశాను. రిటైరయ్యారు. ఐసు సంగతి ఎత్తితే, "అదా, అప్పుడు ఉప్పు సరిపోలేదమ్మా, మా ఇంట్లోంచి ఆవకాయకి ఉంచినది కూడా తెచ్చేసేను" అన్నారు. అది నాకిన్నాళ్ళూ తెలీదు. రెండు నిమిషాలు రికార్డ్ చేసుకున్నాను, సబ్‌టైటిల్స్ ఎవరైనా తీసుకోండి.

ఇంక జ్ఞాపికలు. ఆదివారం ఏటికొప్పాక వెళ్ళొచ్చాను, ఎలాగూ మనూరి వస్తువే ఇవ్వాలి. లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ల్యాబ్‌లో వాడే కోనికల్ ఫ్లాస్క్ (అడుగు వెడల్పు, మెడ సన్నం ఉండే గాజు సీసా) బొమ్మ ఫోన్‌లో చూపించి ఇలా చేస్తారా అంటే ఆ పెద్దాయన రెండు పక్కలా తిప్పి చూసి, కూజాకి మెడ సన్నం చేస్తే ఇదే కదా అని అరగంటలో శాంపిల్ చేసిచ్చారు. జేబులో పట్టేంతే ఉంది, సూట్‌కేస్‌లో బరువు కూడా ఉండదు. ఆరు చెప్పాను. ఆరోది పెందుర్తికి, దాని మీద పేరు రాసిచ్చేశాను.

మిగతా ఐదు పేర్లు గురువారం లోపు పంపండి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, వాళ్ళనే అడిగి స్పెల్లింగ్ సరిచూసి పంపండి, యూనివర్సిటీ వెబ్‌సైట్ చూసి కాపీ చెయ్యకండి.