నల్గొండలో ముగ్గురం కలిసి ఉన్న పోర్షను ఖాళీ చేశాం; అడ్వాన్సులో ఎవరికి ఎంత రావాలి?

అడిగినవారు: రామగిరి కిరాయిదారు

అందరికీ నమస్కారం. నేను నల్గొండలో ఒక ప్రైవేటు ఉద్యోగం చేస్తూ, మరో ఇద్దరు మిత్రులతో కలిసి రామగిరిలో రెండు పడకగదుల పోర్షనులో 2024 ఫిబ్రవరి నుంచి కిరాయికి ఉన్నాను. నెల కిరాయి 10,000 రూపాయలు. చేరేటప్పుడు మూడు నెలల కిరాయి, అంటే 30,000 రూపాయలు, అడ్వాన్సుగా ఇచ్చాం. ఆ సమయంలో ఒకరి చేతిలో డబ్బు తక్కువగా ఉన్నందున నేను 12,000, రెండవ మిత్రుడు 10,000, మూడవ మిత్రుడు 8,000 వేసుకున్నాం. మొత్తం సొమ్ము రెండవ మిత్రుడి ఖాతా నుంచే ఓనరుకు వెళ్ళింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటులో కూడా అతని పేరొక్కటే ఉంది. అప్పుడు అది పెద్ద విషయంగా మాకు తోచలేదు.

2025 ఏప్రిల్ చివరలో మూడవ మిత్రుడు హైదరాబాదులో ఉద్యోగం రావడంతో వెళ్ళిపోయాడు. అతని స్థానంలో మే నెలలో చేరిన తమ్ముడు 8,000 రూపాయలను ఓనరుకు కాకుండా వెళ్ళిపోయే మిత్రుడి చేతికే ఇచ్చాడు. ఓనరుకు ఈ మార్పును నోటిమాటగా చెప్పాం, ఆయన సరేనన్నారు. నవంబరులో నాకు మిర్యాలగూడకు బదిలీ కావడంతో, మిగిలిన ఇద్దరు కూడా వేరే చోట్లు చూసుకున్నారు. నెల రోజుల ముందే చెప్పి నవంబరు 30న ఇల్లు ఖాళీ చేశాం.

ఓనరు 10,000 రూపాయలు రంగులకు, 2,400 రూపాయలు బాత్రూములోనూ వంటింటిలోనూ పాడైన నల్లాలకు, 1,860 రూపాయలు చివరి నెల కరెంటు బిల్లుకు పట్టుకుని, మిగిలిన 15,740 రూపాయలను రెండవ మిత్రుడి ఖాతాకు పంపారు. మిత్రుడేమో, అగ్రిమెంటు తన పేరున ఉంది కాబట్టి తన 10,000 ముందుగా తీసుకుంటాననీ, మిగిలిన 5,740 నేనూ తమ్ముడూ పంచుకోవాలనీ అంటున్నాడు. ఓనరు పట్టుకున్న సొమ్ము న్యాయమైనదేనా? మా మధ్య పంపకం ఎలా జరగాలి? డబ్బు కంటే స్నేహం చెడిపోతుందేమోనన్న బాధే ఎక్కువగా ఉంది, కానీ 12,000 ఇచ్చినవాడికి మూడు వేలు కూడా రావంటే ఊరుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

జవాబు 1: పాలమూరు పెద్దాయన

బాబూ, నేను మహబూబ్‌నగర్‌లో రెండు పోర్షన్లు కిరాయికి ఇస్తున్నవాడిని, కాబట్టి ముందుగా ఓనర్ల వైపు నుంచి ఒక మాట చెప్పి, తర్వాత మీ వైపు మాట్లాడతాను. ముగ్గురు నలుగురు కలిసి ఉండే ఇళ్ళలో ఎవరు ఎంత ఇచ్చారో మాకు తెలియదు. నేను ఒకసారి తాళాలు చేతికిచ్చిన పిల్లవాడికే మొత్తం అడ్వాన్సు తిరిగి ఇచ్చాను. వారం తర్వాత మరొకడు వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చి గేటు ముందు నిలబడ్డాడు. అప్పటి నుంచి కాగితం మీద ఎవరి పేరు ఉంటే వారికే ఇస్తున్నాను. మీ ఓనరు ఆ విషయంలో తప్పు చేయలేదు.

పట్టుకున్న సొమ్ము సంగతి వేరు. మన దగ్గర ఒక నెల కిరాయి రంగులకు కోసుకోవడం చాలామంది ఓనర్లకు అలవాటైపోయింది. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. అయితే రంగు వేయించినా వేయించకపోయినా ఆ డబ్బు పట్టుకోవడం ధర్మం కాదని తరువాత తెలిసింది. గోడ మీద మేకులు కొట్టి, దోమతెర కట్టడానికి డ్రిల్లు పెట్టి, పొయ్యి వెనక గోడను నూనె జిడ్డుతో నల్లగా చేసి వెళ్ళినట్లయితే ఖర్చు అడగవచ్చు. రెండేళ్ళు మనుషులు ఉన్న ఇంటి గోడ కొంత మాసిపోవడం మాత్రం సహజమే కదా. మీరు వెళ్ళి గది గదికీ తిరిగి, ఏ గోడకు ఏమైందో ఆయనతో కలిసి చూడండి. రంగులు వేసిన మేస్త్రీ చీటీ, డబ్బాలు కొన్న దుకాణం బిల్లు చూపమని మర్యాదగా అడగండి.

నల్లాల విషయంలో మీకు నా సలహా ఒకటి ఉంది. మీ నల్గొండ బోరు నీళ్ళు ఎలాంటివో మీకు తెలుసు. ఆరు నెలలు గడిస్తే నల్లా మూతికి తెల్లటి సున్నపు పొర గట్టిగా పట్టి, పిడి తిప్పడానికి రాక, లోపలి వాచరు అరిగి చుక్కచుక్కగా కారుతుంది. అది కిరాయిదారు విరగ్గొట్టినట్టు కాదు, నీళ్ళు తినేసినట్టు. పిడి విరిగిపోయి ఉంటే మాత్రం ఆ ఒక్క నల్లా ఖర్చు మీరు ఒప్పుకోవడం మంచిది. ఓనరు పాత నల్లాలు పారేయకముందే వెళ్ళి చూడండి.

జవాబు 2: ఏనుగొండ నర్సు

అన్నా, నేను మీ తమ్ముడి స్థానంలో ఉన్నదాన్ని కాబట్టి అతని తరఫున రాస్తున్నాను. మహబూబ్‌నగర్‌లో మేం నలుగురు నర్సులం ఒక ఇంట్లో ఉన్నప్పుడు, నేను చివరగా చేరి, వెళ్ళిపోయే అక్కకు అడ్వాన్సు ఇచ్చి, ఎనిమిది నెలలే ఉన్నాను. ఖాళీ చేసేటప్పుడు మూడేళ్ళ మాసిన గోడలకు నా వాటా కూడా సమానంగా కోసేశారు. నేను చేరకముందే హాలు గోడ మీద మరకలు ఉన్నాయని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు, ఎందుకంటే నా దగ్గర చేరిన రోజు తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు.

మీరు మొత్తం 22 నెలలు ఉన్నారు. అందులో మూడవ మంచం వాటాలో 15 నెలలు వెళ్ళిపోయిన మిత్రుడివి, 7 నెలలు మాత్రమే తమ్ముడివి. రంగుల ఖర్చు 10,000 అయితే ఒక్కొక్కరి భాగం 3,333 రూపాయలు. దానిలో తమ్ముడు మోయవలసింది 1,061 రూపాయలే, మిగిలిన 2,272 రూపాయలు తన 8,000 పూర్తిగా జేబులో వేసుకుని వెళ్ళిన మిత్రుడిది. అతన్ని ఎవరూ అడగకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

జవాబు 3: నల్గొండ న్యాయవాది

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఓనరుకూ మీ రెండవ మిత్రుడికీ మధ్యది, ఇంకొకటి మీ ముగ్గురి మధ్యది. అగ్రిమెంటులో ఒక్కరి పేరే ఉన్నందున, చట్టం దృష్టిలో కిరాయిదారు మీ మిత్రుడొక్కడే. అతనికి సొమ్ము చెల్లించడంతో ఓనరు బాధ్యత, సరిగా లెక్క కట్టినంతవరకు, తీరిపోతుంది. ముగ్గురి పేర్లూ రాసి ఉంటే కథ వేరుగా ఉండేది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, కొందరికి కలిపి ఇచ్చిన మాటను అడిగే హక్కు వారందరికీ ఉమ్మడిగా ఉంటుంది. దానికి తోడుగా 43వ సెక్షన్ కింద, కలిసి మాట ఇచ్చినవారిలో ఏ ఒక్కరినైనా మొత్తం బాకీకి నిలదీయవచ్చు. అందుకే పేర్లన్నీ రాయించుకోవడం ఒకవైపు రక్షణ, ఇంకొకవైపు భారం కూడా.

పదకొండు నెలల గడువు దాటినా ఓనరు కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ కింద మీ కిరాయి నెలనెలా కొనసాగినట్టే లెక్క. అదే చట్టం 108వ సెక్షన్, కిరాయిదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని చెబుతూనే, సాధారణ వాడకం వల్ల వచ్చే అరుగుదలను మినహాయిస్తుంది. మీ అగ్రిమెంటులో రంగులకు ఇంత పట్టుకుంటామని ప్రత్యేకంగా రాసి ఉందేమో ముందుగా చదవండి. రాసి ఉన్నప్పటికీ ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ వల్ల, రాసిన మొత్తానికి మించకుండా, సమంజసమైన నష్టపరిహారమే ఓనరుకు దక్కుతుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోరాదంటుంది కానీ, కొత్త కట్టడాలకూ, ఒక స్థాయి దాటిన కిరాయిలకూ అది వర్తించదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. 2021లో కేంద్రం ఆమోదించిన ఆదర్శ అద్దె చట్టం ఇళ్ళకు రెండు నెలల కిరాయిని పరిమితిగా పెట్టింది, అయితే అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే.

కరెంటు బిల్లుకు ఓనరు మాట మీద ఆధారపడవలసిన పని లేదు. దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైటులో బిల్లు మీద ఉండే సర్వీసు నంబరు కొట్టి చూస్తే అసలు మొత్తం కనిపిస్తుంది.

ఇక మీ ముగ్గురి మధ్య లెక్క. మీ మిత్రుడు 10,000 ముందుగా తీసుకుంటాననడానికి ఎలాంటి ఆధారమూ లేదు. ఎవరెంత వేశారన్నదానికి మీరు అతనికి పంపిన సొమ్ము వివరాలు ఫోనులోనే ఉంటాయి, వాటిని ఇప్పుడే భద్రపరచుకోండి. ఓనరు పట్టుకున్న 14,260 రూపాయలను ముగ్గురూ సమానంగా మోస్తే ఒక్కొక్కరికి దాదాపు 4,753 పడుతుంది. ఆ లెక్కన మీకు 7,247, మిత్రుడికి 5,247, తమ్ముడికి 3,247 రావాలి. పై జవాబులో నర్సు గారు చెప్పిన నెలల లెక్క ఇంకా న్యాయమైనదని నా అభిప్రాయం.

పోలీసు స్టేషనుకు వెళ్ళమని ఎవరైనా చెబితే వినకండి, ఇది డబ్బు తగాదా, వారు వసూలు చేసి పెట్టరు. ముందుగా మిత్రుడితో ఓనరుకు ఒక ఉత్తరం రాయించి, అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో పంపించండి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. జవాబు రాకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే రాజీ కోసం దరఖాస్తు ఇవ్వవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. సందేహాలు ఉంటే న్యాయ సహాయం కోసం ఉన్న 15100 నంబరుకు ఫోను చేయండి. దావా వేయడానికి మూడేళ్ళ గడువు ఉన్నా, నల్లాలూ గోడలూ అంతకాలం సాక్ష్యంగా ఆగవు.

మళ్ళీ అడిగినవారు: రామగిరి కిరాయిదారు

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మిర్యాలగూడ నుంచి ఆదివారం వచ్చి, మిత్రుడినీ తమ్ముడినీ వెంటబెట్టుకుని ఓనరు ఇంటికి వెళ్ళాను. పెద్దాయన చెప్పినట్టే పాత నల్లాలు మెట్ల కింద ఒక సిమెంటు సంచిలో ఉన్నాయి. మూడింటిలో రెండింటి మూతి తెల్లగా గడ్డకట్టి ఉంది. మూడవదాని పిడి విరిగింది, అది మా చేతిలోనే విరిగిందని నేనే ఒప్పుకున్నాను. కరెంటు బిల్లు వెబ్‌సైటులో 1,310 అని వచ్చింది. ఓనరు తన కింది పోర్షను బిల్లు పొరపాటున కలిపానన్నారు. రంగులు ఒక పడకగదికీ వంటింటికీ మాత్రమే వేయించారు. మేస్త్రీ చీటీ అడిగేసరికి ఆయన కొంచెం నొచ్చుకున్నా, వాళ్ళ ఇంటామె చాయ్ ఇస్తూ, పిల్లలు అడిగిందాంట్లో తప్పేముందని అనడంతో మాట మెత్తబడింది.

చివరకు రంగులకు 5,000, నల్లాకు 900, కరెంటుకు 1,310 దగ్గర లెక్క ఆగింది. మిగిలిన 7,050 రూపాయలు మిత్రుడి ఖాతాకు ఆయన అక్కడే పంపారు. మొత్తం 22,790 రూపాయలను నెలల లెక్కన పంచుకున్నాం. తమ్ముడికి 6,733 రూపాయలు వచ్చాయి. హైదరాబాదు వెళ్ళిన మిత్రుడి వంతు రంగుల ఖర్చు 1,136 రూపాయలు. అతనికి రెండుసార్లు సందేశం పంపితే చదివాడు కానీ జవాబివ్వలేదు, కాబట్టి ప్రస్తుతానికి దాన్ని మేమిద్దరం చెరి సగం భరించాం. అది పోగా నాకు 9,028, మిత్రుడికి 7,028 దక్కాయి. మిర్యాలగూడలో కొత్తగా చేరిన గదికి నేను, నాతో ఉన్న మరొకరు, ఇద్దరి పేర్లతోనూ అగ్రిమెంటు రాయించాం. చేరిన రోజే ఒక్కో నల్లాను దగ్గరగా ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపాను. అవి చూసి ఆయన, ఇంతకుముందు ఎక్కడ ఉండేవాడివి బాబూ, అని అడిగారు.