జేలెన్ బ్రన్సన్ వదులుకున్న సొమ్ము ఎవరికి చేరింది?

ప్రశ్న:
2024 జులైలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని న్యూయార్క్ నిక్స్ జట్టు ఆటగాడు జేలెన్ బ్రన్సన్ నాలుగేళ్లకు 15.65 కోట్ల డాలర్ల ఒప్పందానికి ఒప్పుకున్నాడు. మరో ఏడాది ఆగి ఉంటే అదే జట్టును అయిదేళ్లకు 26.9 కోట్ల డాలర్ల దాకా అడిగే వీలుండేది. స్టార్ ఆటగాడు ఇలా వదులుకునే సొమ్ము నిజంగా జట్టు నిర్మాణానికి ఉపయోగపడుతుందా, లేక యజమాని జేబులోకే పోతుందా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
తేడా 11.3 కోట్లని అందరూ రాశారు గానీ, అది నాలుగేళ్ల జీతాన్ని అయిదేళ్ల జీతంతో పోల్చి తీసిన లెక్క. అయిదో ఏడాది బ్రన్సన్ ఉచితంగా ఆడడు కదా! పైగా చివరి ఏడాదిని వద్దనుకునే హక్కు అతనికే ఉంది. 2028లో బయటికొస్తే అప్పటికి పది సీజన్లు పూర్తవుతాయి కాబట్టి, అతని గరిష్ఠ జీతం సాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) 30 శాతం నుంచి 35 శాతానికి పెరుగుతుంది. అప్పటిదాకా పెద్ద గాయమేదీ కాకూడదు, అంతే.

జట్టుకు దక్కిన అసలు లాభం 2025-26 సీజన్‌లో కనిపిస్తుంది. ఆ ఏడాది తగ్గింది సుమారు 1.1 కోట్ల డాలర్లే. అయితే లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023లో కుదిరిన కార్మిక ఒప్పందం, జట్టు మొత్తం జీతాలకు క్యాప్ కన్నా చాలా పైన ‘రెండో ఏప్రన్’ అనే గీత గీసింది. దాన్ని దాటిన జట్టు ఇద్దరు ఆటగాళ్ల జీతాలను కలిపి ఒక ఖరీదైన ఆటగాణ్ణి ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) తెచ్చుకోలేదు, మిడ్-లెవెల్ ఎక్సెప్షన్ (క్యాప్ దాటిన జట్టు కూడా బయటి ఆటగాణ్ణి తీసుకునేందుకు ఇచ్చే మినహాయింపు) కూడా వాడుకోలేదు. బ్రన్సన్ సహచరులు టౌన్స్, అనునోబీ, బ్రిడ్జెస్‌ల భారీ జీతాలు మోస్తూనే నిక్స్ ఆ గీతకు దిగువన నిలిచి, 2025 వేసవిలో గెర్షాన్ యాబుసెలె అనే ఆటగాణ్ణి అదే ఎక్సెప్షన్‌తో తీసుకోగలిగింది. బ్రన్సన్ గరిష్ఠ జీతం తీసుకుని ఉంటే ఈ లెక్క కుదిరేది కాదు.

రెండో సమాధానం:
యజమాని జేబు గురించి ఒక మాట. లీగ్ ఆదాయంలో ఆటగాళ్లందరికీ కలిపి 49 నుంచి 51 శాతం దక్కాలన్నది ఆ కార్మిక ఒప్పందంలోనే ఉంది. కనుక ఒకరు తగ్గించుకున్న జీతం చాలావరకు తోటి ఆటగాళ్లకే చేరుతుంది. యజమానికి నికరంగా మిగిలేది లగ్జరీ ట్యాక్స్‌లో (జీతాలు ఒక హద్దు దాటితే జట్టు లీగ్‌కు కట్టే అదనపు సొమ్ము) తగ్గే భాగం. అదీ తక్కువేమీ కాదు.

మూడో సమాధానం:
పై ఇద్దరి లెక్కలూ సరైనవే గానీ, మిగిలిన సొమ్మును ఖర్చుపెట్టేవారి తెలివిని మరవకూడదు. 2014లో స్టార్ ఆటగాడు డర్క్ నోవిట్జ్‌కీ డాలస్ జట్టుతో మూడేళ్లకు 2.5 కోట్ల డాలర్లకే ఉండిపోయాడు. క్యాప్‌లో అలా మిగిలిన చోటును చాండ్లర్ పార్సన్స్ అనే ఆటగాడికి ఇచ్చారు. ఆ తర్వాత డర్క్ రిటైరయ్యేదాకా డాలస్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. 2022లో ఫిలడెల్ఫియా స్టార్ జేమ్స్ హార్డెన్ 4.7 కోట్ల డాలర్ల పైబడిన ఆప్షన్‌ను (పాత ఒప్పందంలో మరో ఏడాది కొనసాగే హక్కు) కాదని, జట్టు పి.జె. టక్కర్ అనే ఆటగాణ్ణి తెచ్చుకునేందుకు వీలుగా జీతం తగ్గించుకున్నాడు. మరుసటి ఏడాదే జట్టు అధ్యక్షుడు డారిల్ మోరీని బహిరంగంగా అబద్ధాలకోరు అన్నాడు. ఏరు దాటాక తనను బోడి మల్లయ్యను చేశారన్నది అతని బాధ. బ్రన్సన్ విషయంలో 2028లో నిక్స్ ఏం చేస్తుందో చూడాలి. అప్పటికి అతనికి 32 ఏళ్లు నిండుతుంటాయి, ఆ వయసు గార్డుకు (బంతిని నడిపించే ఆటగాడు) క్యాప్‌లో 35 శాతం ఇవ్వడమంటే ఏ జట్టయినా ఆలోచిస్తుంది.