సమస్యాపూరణం: దొంగ తానె చెప్పు దొంగననుచు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం: “దొంగ తానె చెప్పు దొంగననుచు.”

ఇంటర్నెట్ ప్రమాణాలను తెలిపే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల వరుసలో 2003 ఏప్రిల్ 1న హాస్యంగా వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3514ను సందర్భంగా గ్రహించవలసిందని మనవి. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని మోసే ప్రతి ప్యాకెట్ మొదట ఉండే ఐపీవీ4 హెడరులో వాడకుండా మిగిలిన ఒకే ఒక్క బిట్‌కు (0 గాని 1 గాని పట్టే చోటుకు) స్టీవ్ బెల్లోవిన్ అందులో పని కల్పించి, దురుద్దేశంతో పంపిన ప్యాకెట్‌లో దాని విలువ 1గా ఉండాలనీ, అలాంటి ప్యాకెట్‌ను ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే గోడ) తప్పక పారవేయాలనీ, నిజమైన ప్రమాణాలకుండే గంభీరమైన భాషలోనే వ్రాశారు.

మొదటి పూరణ:

వాడనట్టి బిట్టు వానిచేతికి నిచ్చి
చెడ్డ తలపు కొకటి చేర్చుమనగ
గోడ చూచి దాని గుమ్మాన నాపును
దొంగ తానె చెప్పు దొంగననుచు

విమర్శ: ‘వాని’ అన్న మాట ఎవరిని చెబుతున్నదో నాలుగవ పాదం వరకు తెలియనీయకపోవడం బాగుంది. అయితే ‘తలపుకు’ గ్రాంథికానికి ఒప్పదు. నగాగమం వచ్చి ‘తలపునకు’ కావాలి. “చెడ్డదైన నొకటి చేర్చుమనగ” అంటే గణాలూ యతీ నిలుస్తాయి, ఉద్దేశం చెడ్డదైతే ఒకటి చేర్చమన్న భావమూ దక్కుతుంది.

పూరణకర్త: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను.

రెండవ పూరణ:

ప్రకటనంచు మొదట వ్రాయగావలెనన్న
నిజము పలుకువాడె నిలిచి వ్రాసె
మోసగాడు దాని మొగమైన జూడడే
దొంగ తానె చెప్పు దొంగననుచు

పూరణకర్త వివరణ: అయాచితంగా పంపే వాణిజ్య మెయిళ్ల విషయపంక్తి ప్రకటన అని తెలిపే ‘ఏడీవీ’ అనే అక్షరాలతో మొదలు కావాలని కాలిఫోర్నియా 1998లో చట్టం చేసింది. బెల్లోవిన్ హాస్యంగా చెప్పినదాన్ని అంతకు అయిదేళ్ల ముందే ఒక రాష్ట్రం నిజంగా కోరింది కనుక, నాకు ఈ సందర్భమే తోచింది.

విమర్శ: ఇప్పటివరకు వచ్చినవాటిలో నాకు మిక్కిలి నచ్చిన పూరణ ఇదే. ‘చూడడు, ఏ దొంగ’ అని విరిచి చదివితే సమస్యాపాదం ఒక్క అక్షరమైనా మారకుండా ప్రశ్నగా మారిపోతుంది. పంపినవాడే అంటించుకోవలసిన గుర్తు నిజాయతీపరుణ్ణి మాత్రమే పట్టిస్తుందన్న అసలు విషయం ఆ సంధిలోనే ఇమిడిపోయింది. ‘నిలిచి’ మాత్రం యతి కోసం వచ్చినట్టున్నది. “నిష్ఠ వ్రాసె” అంటే అర్థం బిగుస్తుంది.

నిర్వాహకుని మాట: టీసీపీ (ఇంటర్నెట్‌లో సమాచారం చేరవేసే పద్ధతి) ప్యాకెట్ తన మనోభావాన్ని తానే తెలుపుకోవాలని ప్రతిపాదించిన ఆర్‌ఎఫ్‌సీ 5841 (2010 ఏప్రిల్ 1) మీద ఇంకా ఎవరూ వ్రాయలేదు. ఆ పూరణ కోసం ఎదురుచూస్తున్నాను.