ఇంటి దగ్గరి వెబ్‌క్యామ్ ఇక్కడి నుంచి తెరుచుకోవడం లేదు

ప్రశ్న: అందరికీ నమస్కారమండీ. ఈ దేశానికి కొత్తగా వచ్చాను. ఇంటి దగ్గర అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. పాత లాప్‌టాప్‌కి వెబ్‌క్యామ్ తగిలించి మోషన్‌ఐ సర్వర్ (కెమెరా వీడియోను బ్రౌజర్‌లో చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి వచ్చాను. ఇంటి వైఫైలో బాగానే కనిపించేది, ఇక్కడి నుంచి మాత్రం తెరుచుకోదు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని లాప్‌టాప్‌కి పంపే సెట్టింగ్) చేసే వచ్చాను. ఏం చేయాలో చెప్పగలరా?

జవాబు: నాన్నగారిని రౌటర్ సెట్టింగ్స్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కున్న అడ్రస్) ఎంత ఉందో ఫొటో తీసి పంపమనండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీది సీజీనాట్ కనెక్షన్. అంటే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతారన్నమాట. అలాంటప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు, డైనమిక్ డీఎన్‌ఎస్ (మారే ఐపీకి మారని పేరు ఇచ్చే సర్వీసు) పెట్టినా అంతే.

తెరుచుకోకపోవడమే మంచిదైందంటాను, పోర్ట్ తెరిచి ఉంటే బయటివాళ్లెవరైనా లోపలికి రావడానికి ప్రయత్నించొచ్చు. ఆ ఫార్వర్డింగ్ తీసేయండి, యూపీఎన్‌పీ (పరికరాలు వాటంతట అవే పోర్టులు తెరుచుకునే సెట్టింగ్) కూడా ఆపేయండి. 2016లో మిరాయ్ మాల్వేర్ లక్షల కొద్దీ కెమెరాల్లో, రౌటర్లలో దూరింది కేవలం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు వాడి చూసే.

లాప్‌టాప్‌లోనూ మీ ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను మాత్రమే కలిపే ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్) వేసుకుని ఒకే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. లాప్‌టాప్ తనంతట తానే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు. ఆ తర్వాత టెయిల్‌స్కేల్ ఇచ్చిన ఐపీతో మోషన్‌ఐ పేజీ తెరవడమే. ఒక్క విషయం చాలామంది మర్చిపోతారు: టెయిల్‌స్కేల్ కీ (ఆ పరికరం లాగిన్ అయి ఉందని చెప్పే గుర్తింపు) మామూలుగా 180 రోజులకు ఎక్స్‌పైర్ అవుతుంది. ఆ లాప్‌టాప్ వరకు కీ ఎక్స్‌పైరీని ఇప్పుడే ఆపేయండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఉన్నట్టుండి కనెక్షన్ పోతుంది, మళ్లీ లాగిన్ చేయించడానికి ఫోన్లో నాన్నగారికి పాఠం చెప్పాల్సి వస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎలాగూ ఇంటి దగ్గర ఒక మనిషి కావాలి. చుట్టాల్లో కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లెవరైనా ఉంటే వీడియో కాల్‌లో అరగంట పని.

ఇంకో జవాబు: పైన చెప్పింది సరిగ్గా ఉంది. ఇంటి అప్‌లోడ్ స్పీడ్ కూడా చూసుకోండి. 4 ఎంబీపీఎస్ వీడియో రోజంతా నడిస్తే దాదాపు 43 జీబీ అవుతుంది. రిజల్యూషన్ తగ్గించండి, కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టండి. మూత మూసినా లాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్ చేయించండి. కరెంటు పోతే దానికి బ్యాటరీ ఉంటుంది సరే, రౌటర్‌కి చిన్న యూపీఎస్ లేకపోతే ఏం ప్రయోజనం?

కెమెరా హాల్లో కాకుండా గుమ్మం వైపు పెట్టమనండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎలా ఆపాలో అమ్మగారికి కూడా చూపించండి.