నాన్న రక్తనాళాల బిరుసు: నడకకు ముందు, తర్వాత కొలిపించినవాళ్లు చెప్పండి

తెనాలి_చిన్నోడు:
నాన్నకు 71 ఏళ్లు. పై బీపీ 160 దాకా ఉంటుంది, కిందిది 70 లోపే. కిందిది బాగానే ఉంది కదా అని మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు. పోయిన నెల డాక్టరు గారు రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో చూద్దామని పరీక్ష రాశారు. రెండు చేతులకు, రెండు కాళ్లకు కఫ్‌లు కట్టి తీశారు. చేతికీ మడమకీ మధ్య నాడి అల ప్రయాణించే వేగం సెకనుకు 1810 సెంటీమీటర్లు అని వచ్చింది. ఇది ఎంత ఎక్కువైతే బిరుసు అంత ఎక్కువట. రోజూ నడవమన్నారు. వారం రోజులయ్యాక నాన్న పార్కులో 40 నిమిషాలు నడిచి, అటునుంచి అటే వెళ్లి మళ్లీ తీయించుకుంటే 1590! ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఐదు రోజులకు మరోసారి తీస్తే 1790. పాపం డీలా పడిపోయారు. ఇక నడవను పొమ్మంటున్నారు. వీటిలో ఏ అంకె నమ్మాలి?

పరీక్షల_గది:
తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా ఈ పరీక్షలే చేస్తున్నాను. మూడు అంకెలూ సరైనవే అయ్యుండొచ్చు. కానీ మధ్యది చూసి రక్తనాళం మెత్తబడిందనుకోకూడదు. నడిచి వచ్చాక కాళ్లలోని నాళాలు వ్యాకోచించి ఉంటాయి, బీపీ కూడా కాస్త దిగుతుంది. ఆ ప్రభావం అరగంట, గంట ఉండొచ్చు. మీరు తీయించింది మడమ దాకా కొలిచే పద్ధతి కాబట్టి కాళ్లలోని ఆ మార్పంతా అంకెలోకి వచ్చేస్తుంది. రిపోర్టు మీద ఆ పూట బీపీ కూడా ఉంటుంది, ఒకసారి చూడండి.

తెనాలి_చిన్నోడు:
ఇప్పుడే తీసి చూశానండీ. మొదటిసారి 162/70, నడిచొచ్చాక 138/64, మూడోసారి 158/68. ఇన్నాళ్లూ ఆ గడి వైపే చూడలేదు.

పరీక్షల_గది:
అదే సంగతి. బీపీ దిగితే వేగం తగ్గుతుంది, నాళం మారకపోయినా సరే. అందుకే ముందూ తర్వాతా పోల్చాలంటే రెండుసార్లూ ఒకే వేళ, ఒకే యంత్రం, ఒకే బీపీ మాత్రలు ఉండాలి. ముందురోజు గట్టి వ్యాయామం వద్దు. మూడు గంటల ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. పడుకోబెట్టి కనీసం పది నిమిషాలు ఆగాలి. మాట్లాడకూడదు, నిద్రపోకూడదు. మా దగ్గర లిఫ్ట్ చెడిపోయిన రోజు మెట్లెక్కి ఆయాసపడుతూ, బీపీ ఇంకా పెరిగే ఉన్న పెద్దాయనను వెంటనే కొలిచేశాను. ఆ అంకె చూసి ఆయన భార్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అరగంట పడుకోబెట్టి మళ్లీ తీస్తే దిగింది. అప్పటినుంచి మనిషి ఆయాసం తీరేదాకా కఫ్ చుట్టను.

ఓరుగల్లు_బిడ్డ:
మా అమ్మ అనుభవం చెప్తాను. కాళ్లకు వెండి పట్టీలు. 40 ఏళ్లుగా తీయలేదు, కొక్కెం బిగుసుకుపోయింది. పరీక్ష చేసే అమ్మాయి పట్టీని పైకి జరిపి, దాని కింద కఫ్ కట్టబోతే జారిపోతోంది. చివరికి సబ్బునీళ్లు రాసి తీశారు. అంతసేపూ ఏసీకి అమ్మ వణుకుతూనే ఉంది. రెండోసారి పట్టీలు ఇంట్లోనే తీయించి, దుప్పటి పట్టుకెళ్లాను. అమ్మ టెన్షన్ లేకుండా పడుకుంది. రెండు అంకెలకూ చాలా తేడా వచ్చింది. మధ్యలో వ్యాయామం ఏమీ చేయలేదు.

ఫిజిక్సు_మాస్టారు:
నాకు 68. చిన్నోడా, నాన్నగారి పై బీపీకీ కింది బీపీకీ మధ్య 90 తేడా ఉంది, దాన్ని వదిలేయొద్దు. ఆ తేడా 60 దాటితేనే పెద్ద నాళాలు బిరుసెక్కాయేమో చూడాలి. ఎండకు బిర్రబిగిసిన తోట పైపును తలుచుకోండి. మోటారు వేయగానే కొత్త పైపు కాస్త ఉబ్బి ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది, పాతది ఉన్నదున్నట్టు అవతలికి తోసేస్తుంది. గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిదీ అదే కథ. గోడ గట్టిదైనకొద్దీ నాడి అల వేగం పెరుగుతుందని చెప్పే సూత్రం 1878 నాటిది, ఈ యంత్రాల వెనకున్నది అదే.

ఇంకొకటి. మా అబ్బాయి మాట విని బరువులు ఎత్తడం మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తేవాణ్ణి. ఆ క్షణంలో బీపీ విపరీతంగా పెరుగుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు తేలిక బరువులే, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ.

టోక్యో_కోడలు:
ఇక్కడ జపాన్‌లో హెల్త్ చెకప్‌లో కావీ అనే కొలత తీస్తుంటారు. గుండె నుంచి మడమ దాకా కొలుస్తారు, ఆ పూట బీపీ ప్రభావం తక్కువగా పడేలా లెక్క కడతారు. 9 దాటితే జాగ్రత్త అంటారు. మా అత్తయ్య గారికి 9.4. దాంతోపాటు కూర్చుని కాళ్లు చాపి వేళ్లు అందుకోమన్నారు. నడివయసు వాళ్లలోనూ పెద్దవాళ్లలోనూ ఒళ్లు వంగేవారికి బిరుసు తక్కువగా ఉందని 2009లో ఇక్కడివాళ్లు ప్రచురించారట. వంగడం వల్లే తగ్గిందని దాని అర్థం కాదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అత్తయ్య మాత్రం రోజూ చాప వేసుకుంటున్నారు.

పరీక్షల_గది:
మంచి మాట గుర్తుచేశారు. కావీ అంకెనూ చిన్నోడి 1810నూ పక్కపక్కన పెట్టకండి. మెడ నుంచి తొడ మొదలు దాకా కొలిచేదాన్ని పరిశోధకులు ప్రామాణికంగా తీసుకుంటారు, అందులో సెకనుకు 10 మీటర్లు హద్దు. మన నిమ్స్ వాళ్లు హైదరాబాద్‌లోనే తయారైన పెరిస్కోప్ అనే యంత్రాన్ని పరీక్షించి 2005లో ప్రచురించారు, నేను నేర్చుకున్నది దాని మీదే. కాళ్లలో నాళాలు పూడుకుపోతే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది, గుండె లయ తప్పినా నమ్మలేం.

ఇక నడక గురించి. 2000లో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు వ్యాయామం అలవాటు లేని నడివయసు మగవాళ్లను మూడు నెలలు నడిపిస్తే మెడ దగ్గరి ధమని సాగే గుణం బాగా మెరుగైంది. అదే, పై బీపీ ఒక్కటే ఎక్కువున్న పెద్దవాళ్లు 8 వారాలు సైకిల్ తొక్కినా మార్పు కనిపించలేదని 2001లో ఇంకో పరిశోధన వచ్చింది. నాన్నగారిది ఆ రెండో కోవ. వారంలో మెత్తబడాలనుకోవడం ఆయనకు అన్యాయం. అంకె కదలకపోయినా నడకతో బీపీకి, షుగరుకు మేలే. మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా మార్చకండి.

తెనాలి_చిన్నోడు:
ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. "అయితే ఆ 1590 నాది కాదన్నమాట" అన్నారు, కాసేపు మాట్లాడలేదు. తర్వాత బూట్లు ఎక్కడ పెట్టావని అమ్మను అడిగారు. నాలుగు నెలల తర్వాత అదే చోట, పొద్దున ఎనిమిదింటికి, ముందురోజు నడక లేకుండా తీయిస్తాను. అంకెతోపాటు ఆ పూట బీపీ కూడా ఇక్కడ పెడతాను.