"సేవించెదము"లో దాసుడు ఎటు పోయాడు?

క్రైస్తవుల ఇళ్ళల్లో గుమ్మం మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అన్న పలక చాలామంది చూసే ఉంటారు. బైబిల్లో యెహోషువ 24:15లో చివరి ముక్క అది. షెకెము అనే ఊళ్ళో ఇశ్రాయేలు జనాన్ని పోగుచేసి, మోషే తర్వాత వాళ్ళ నాయకుడైన ముసలి యెహోషువ అన్న మాట. దానికి ముందున్న "ఎవరిని సేవించెదరో... నేడు మీరు కోరుకొనుడి" మాత్రం ఏ గుమ్మం మీదా నాకు కనబడలేదు. అక్కడ కోరుకోవడమంటే ఆశపడటం కాదు, ఎంచుకోవడం. సరే, నా గొడవ 'సేవించు' గురించి.

ఇప్పుడు పేపర్లో 'సేవించి' అని కనబడితే దాని ముందు మాట మద్యమో పురుగుల మందో అయి ఉంటుంది. చర్చిలో 'సేవలో ఉన్నాడు' అంటే పాస్టరని అర్థం. యెహోషువ అన్న మాటకి హీబ్రూ మూలంలో ఉన్న క్రియ 'అవద్'. దాసుడు అనే 'ఎవెద్' కూడా ఆ ధాతువుదే. రెండు వచనాలు దాటితే, జనం తాము బయటపడ్డ ఐగుప్తును (ఈజిప్టును) తలుచుకుని "దాసుల గృహము" అంటారు. అక్కడా అదే ధాతువు. దాస్యం నుంచి బయటపడ్డవాళ్ళని 'ఇప్పుడు ఎవరికి దాసులవుతారో తేల్చుకోండి' అని అడుగుతున్నాడన్నమాట. తెలుగులో ఒకచోట సేవ, ఇంకోచోట దాస్యం అయ్యేసరికి ఆ చురుకు తగలదు.

మత్తయి 6:24లో మాత్రం మన అనువాదకులు తడబడలేదు: "ఎవడును ఇద్దరు యజమానులకు దాసుడుగా నుండనేరడు."

వ్యాఖ్య: ఇద్దరి దగ్గర పని చేస్తే ఏమైందండీ? మా ఊళ్ళో పొద్దున ఒకరి చేను, మధ్యాహ్నం ఇంకొకరి చేను చేసేవాళ్ళు బోలెడుమంది.

జవాబు: వాళ్ళు కూలీలండీ. పాలేరుని అడిగి చూడండి, తెలంగాణలో అయితే జీతగాణ్ణి. ఏడాదికి ఒక ఇంటికి కుదిరాక రెండో కామందు ఎక్కడ? గ్రీకులో ఉన్న మాట అంతకన్నా గట్టిది, పూర్తిగా ఒకరి సొత్తు అయిపోవడం. అక్కడ 'సేవించు' అని రాసి ఉంటే మీ ప్రశ్నే నిలబడేది.

వ్యాఖ్య: గురువుగారూ, అదే వచనంలో "దేవునికిని సిరికిని" అన్నారు. సిరి అంటే లక్ష్మీదేవి కదా? అభ్యంతరం రాలేదా?

జవాబు: నాకైతే ఆ వచనంలో అన్నిటికన్నా నచ్చిన మాట అదే. మూలంలో 'మామోన్' అరమాయిక్ మాట, గ్రీకులో దాన్ని అలాగే ఉంచేశారు. పాత ఇంగ్లీషు బైబిళ్ళూ అంతే. మనవాళ్ళు ధనం, డబ్బు అని తేల్చేయకుండా 'సిరి' అన్నారు. శ్రీ నుంచి వచ్చిన మాట. రోజూ వాడే 'సిరిసంపదలు'లో అది ఉత్త కలిమి. "సిరికిం జెప్పడు" అన్నప్పుడు సాక్షాత్తూ మనిషిలా పక్కనున్న దేవి. డబ్బుని యజమానిగా కూర్చోబెట్టే వచనానికి, అవసరమైతే లేచి నిలబడగల మాటే కావాలి. 'ధనము' అలా నిలబడదు. లూకా 16:9లో చూడండి: "ఆ సిరి మిమ్మును వదలి పోవునప్పుడు." చెప్పులు తొడుక్కుని గడప దాటుతున్నట్టు లేదూ?

వ్యాఖ్య: మా ఇంట్లో పలక ఉంది, రెండో సగమే. మొదటి సగం పెద్దది, పలక మీద పట్టదని దుకాణంవాడు అన్నాడు.