రాజీనామా రాసిమ్మంటే రాసిచ్చెయ్యాల్సిందేనా? బెంగళూరు ఐటీ వాళ్లు చెప్పండి

హిందూపురం ప్యాసింజర్:
పోయిన గురువారం పొద్దున పదకొండున్నరకి మీటింగ్‌కి రమ్మని మెయిల్ వచ్చింది. బెళ్లందూరు ఆఫీసు, నాలుగో అంతస్తు, చివరి గది. లోపల మా మేనేజర్, హెచ్ఆర్ మేడమ్. మంచినీళ్ల సీసా నా వైపు జరిపి, ఆరేళ్లు చాలా బాగా చేశావు, కానీ నీ రోల్ ఇక లేదు అన్నారు. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. రాజీనామా మెయిల్ అప్పటికే టైపు చేసి పెట్టుంది, నా పేరుతో. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసుంది. నాకు ఏ వ్యక్తిగత కారణమూ లేదు.

సాయంత్రం ఐదులోపు పంపితే రెండు నెలల జీతం, రిలీవింగ్ లెటర్. పంపకపోతే టర్మినేషన్, రేపు ఎక్కడ చేరినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే కనబడుతుంది అన్నారు. ఫోన్ బయట పెట్టించారు. ఒక్కసారి ఇంటికి మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. నాలుగున్నరకి పంపేశాను.

ఆ తర్వాత నా సీటు దగ్గరికి కూడా పోనివ్వలేదు. సెక్యూరిటీ అన్న, మా పక్క మడకశిర ఆయనే, నా టిఫిన్ డబ్బా, పాప ఫోటో ఒక కవర్లో వేసి తెచ్చిచ్చాడు. డబ్బా మూత కూడా తీయలేదు నేను. మా ఆవిడ కట్టిన చిత్రాన్నం అట్లాగే ఉంది. లిఫ్ట్ దగ్గర ఆయన మెల్లగా, ‘ఈ వారంలో మీరు పదకొండో మనిషి సార్’ అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదేనని నా బాధ. మీరైతే ఏం చేసేవాళ్లు? పంపకుండా కూర్చోవాల్సిందా?

మారతహళ్లి పీజీ:
మంచి పని చేశావన్నా. కోర్టుకి పోయినోడు ఐదేళ్లు తిరుగుతాడు, నువ్వు ఐదు వారాల్లో ఇంకో ఆఫర్ పట్టుకుంటావు. మన ఫీల్డ్ చిన్నది. టర్మినేట్ అయ్యాడని ఒకసారి పేరు పడితే ఎంత ఎక్స్‌పీరియన్స్ ఉన్నా ఫోన్ రాదు. రెండు నెలల డబ్బు చేతికొచ్చింది, లెటర్ క్లీన్‌గా ఉంది. ముందుకు పో. లక్షన్నర జీతగాళ్లం, మనమేం కూలీలమా జెండా పట్టుకోవడానికి?

కాగితాల మనిషి:
అన్నా, రాజీనామానే ఎందుకు అడుగుతారో ముందు తెలుసుకోండి. కంపెనీ తనంతట తాను తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఏడాది పైన పనిచేసిన వర్కర్‌కి నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం పరిహారం ఇవ్వాలి. ఇది పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953 నుంచి నడుస్తున్న సంగతి, 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్తగా, నైపుణ్యాల నిధి కింద ఇంకో పదిహేను రోజుల జీతం కూడా చేర్చారు. మీరే రాసిచ్చారంటే ఇవేవీ వర్తించవు. ఆ మెయిల్‌లో ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటలు అందుకే.

డబ్బు లెక్కలో మీ రెండు నెలలకీ దీనికీ పెద్ద తేడా రాకపోవచ్చు, నిజం చెప్పాలి. చట్టంలో జీతం అంటే మొత్తం సీటీసీ, అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు, కాదు, అందులో కనీసం సగం. అసలు పోగొట్టుకున్నది వేరే ఉంది. ఒకే రకం పని చేసేవాళ్లలో చివర చేరినవాణ్ని ముందు తియ్యాలన్నది నియమం. అది తప్పాలంటే కారణం రాసి పెట్టాలి. తీసేసిన ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటే పాతవాళ్లకి ముందు అవకాశం ఇవ్వాలి. ఆరేళ్ల సీనియర్‌ని పంపి, ఆ జీతంతో ఇద్దరు ఫ్రెషర్లని పెట్టుకోవాలనుకునేవాళ్లకి అడ్డమొచ్చేది ఈ రెండే. రాజీనామా కాగితం ఒక్కటుంటే ఆ అడ్డు లేదు.

సాఫ్ట్‌వేర్ కోడ్ రాసేవాడు వర్కర్ కాదనుకోవద్దు. చూసేది హోదా పేరు కాదు, చేసే పని. టెక్నికల్ పనివాళ్లు నిర్వచనంలోనే ఉన్నారు. మేనేజర్ పని చేసేవాళ్లు లేరు. పద్దెనిమిది వేలు దాటిన సూపర్‌వైజర్లూ లేరు. మీరు రోజంతా ఏం చేసేవాళ్లో అదే మీ సాక్ష్యం.

అవతలి కుర్చీ:
నేను హెచ్ఆర్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాను. ఇలాంటి గదుల్లో చాలాసార్లు కూర్చున్నాను. ఆ రాత్రులు నిద్ర పట్టదు. మాకు పేర్ల లిస్టు పైనుంచి వస్తుంది, చాలాసార్లు ముందు రోజు రాత్రే.

రాజీనామా అడగడం మోసం కాదని ఇప్పటికీ అంటాను. తీసేశాం అని రాసిన కాగితం పట్టుకుని ఇంకో కంపెనీకి వెళ్తే అక్కడి హెచ్ఆర్ ఎలా చూస్తుందో నాకు తెలుసు, నేనే చూశాను కాబట్టి. పిల్లల ఫీజులు, ఫ్లాట్ ఈఎంఐ ఉన్న మనిషికి మరక లేని లెటర్ ఇప్పించడమే మేం చేయగలిగిన మేలు. అయితే ఫోన్ బయట పెట్టించడం, ఇంటికి మాట్లాడనివ్వకపోవడం తప్పు. నేనైతే అలా ఎప్పుడూ చేయలేదు. కనీసం ఒక రాత్రి టైమివ్వాలి.

హిందూపురం ప్యాసింజర్:
మేడమ్, మీరు నిజాయితీగా రాశారు, మీ మీద నాకు కోపం లేదు. కానీ ఒకటి అడుగుతాను. రోల్ పోయిందని కంపెనీయే రాసిస్తే అది నా మీద మరక ఎలా అవుతుంది? పని తప్పు చేశానని కాదు కదా. ఆ మరకని పుట్టించిందీ హెచ్ఆర్‌లే, దాన్ని చూపించి భయపెట్టిందీ హెచ్ఆర్‌లే.

బొమ్మనహళ్లి లైన్ నంబర్ నాలుగు:
పైన ఒక తమ్ముడు మనమేం కూలీలమా అన్నాడు. అక్కడే నా మనసు ఆగిపోయింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మా అమ్మ పుంగనూరు నుంచి వచ్చి బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో పద్దెనిమిదేళ్లు మిషన్ తొక్కింది. చొక్కా కాలర్ కుట్టేది. గంటకి ఇన్ని పీసులని లైన్ ముందర బోర్డు మీద రాస్తారు. తగ్గితే సూపర్‌వైజర్ అందరి ముందూ ఆ పీసులు మొహాన విసిరేవాడు. బాత్రూంకి పోతే పీసులు తగ్గుతాయని పొద్దుటి నుంచి నీళ్లు తాగేది కాదు. కిడ్నీలో రాయి వచ్చాక డాక్టరు అడిగితే గానీ ఆ సంగతి మాకు చెప్పలేదు.

2016లో పీఎఫ్ రూలు మార్చారు. ఉద్యోగం మానేసినా యజమాని వేసిన వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదన్నారు. గార్మెంట్స్‌లో 58 దాకా మిషన్ మీద కూర్చునే ఆడమనిషిని నేనైతే చూడలేదు. నాలుగైదేళ్లకోసారి పని మానేసి, ఆ పీఎఫ్ తీసి పిల్ల పెళ్లో, ఫీజో, అప్పో తీర్చుకుని ఇంకో ఫ్యాక్టరీలో చేరేవాళ్లు. ఏప్రిల్ 18 పొద్దున పేపరు పట్టుకుని ఎవరో లైన్లోకి వచ్చారంట. మిషన్లు ఆపేసి ఒక్కొక్కరే లేచి హోసూరు రోడ్డు మీదికొచ్చారు. వాళ్లని ఏ పెద్ద నాయకుడూ పిలవలేదు. రెండు రోజులు బెంగళూరు ఆగిపోయింది. పీణ్యా వైపు తుమకూరు రోడ్డూ ఆగింది. బస్సులు కాలాయి, లాఠీలు విరిగాయి. కాల్చింది మంచిదని నేననను. అమ్మ ఆ రాత్రి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది, మోకాలు వాచిపోయి ఉంది. పసుపు వేడిచేసి పట్టు వేశాను. 19న కేంద్రం ఆ రూలు వెనక్కి తీసుకుంది.

నేనప్పుడు పీయూసీ రెండో ఏడు. ఆ పీఎఫ్ డబ్బుతోనే నా ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫీజు కట్టారు. ఇప్పుడు నేనూ ఐటీలోనే, అదే హోసూరు రోడ్డు మీద, ఎలక్ట్రానిక్ సిటీలో. మా అమ్మకి లేనివి నాకు ఏసీ, క్యాబ్, ఇన్సూరెన్స్. అమ్మకి ఉన్నది మాత్రం నాకు లేదు. పక్క మిషన్ మనిషి లేస్తే తనూ లేచేది. మా టీంలో పదకొండు మంది పోతే మిగిలినవాళ్లం గ్రూప్ చాట్‌లో ‘ఆల్ ది బెస్ట్’ పెట్టి ఊరుకుంటాం. నేనూ పెట్టాను.

తమ్ముడూ, జీతం ఎంతైతేనేం, నాలుగున్నరకి రాసిమ్మంటే రాసిచ్చి బయటికి నడిచేవాళ్లని ఏమంటారో నువ్వే చెప్పు.

మారతహళ్లి పీజీ:
అక్కా, ఆ మాట అనకుండా ఉండాల్సింది. మీ అమ్మగారికి నా దండం. కానీ వాళ్లు రోడ్డు మీదికొస్తే ఫ్యాక్టరీ ఆగుతుంది. మనం లేస్తే పని హైదరాబాదుకో, మనీలాకో పోతుంది. నా భయం అది, పౌరుషం లేక కాదు.

నలభై మంది కంపెనీ:
వైట్‌ఫీల్డ్‌లో చిన్న సర్వీసెస్ కంపెనీ నడుపుతున్నాను, మాది నెల్లూరు. క్లయింట్ డబ్బు ఆపితే నేను మూడు నెలలు నా ఇల్లు తాకట్టు పెట్టి జీతాలిచ్చాను. పెద్ద కంపెనీల పాపాలకి చట్టం బిగిస్తే ముందు నలిగేది మాలాంటివాళ్లం. చివర చేరినవాణ్ని ముందు పంపాలంటారు. చివర చేరినవాడికే ఆ కొత్త టెక్నాలజీ వస్తే ఏం చెయ్యాలి?

కాగితాల మనిషి:
సార్, ఆ కారణమే రాసి పెట్టండి. చట్టం మిమ్మల్ని ఆపడం లేదు. కారణం చెప్పమంటోంది. ఇల్లు తాకట్టు పెట్టి జీతాలిచ్చిన మనిషికి కారణం రాయడం కష్టం కాదు. కష్టమయ్యేది కారణం చెప్పుకోలేనివాళ్లకి.

ఇక బిగించడం అంటారా, కర్ణాటకలో ఇన్నాళ్లూ జరిగింది సడలించడమే. ఉద్యోగ నియమాలు కంపెనీ రాసి పెట్టాలనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి ఐటీకి మినహాయింపు 2014లో ఇచ్చారు, 2019లో పొడిగించారు, 2024లో మళ్లీ ఐదేళ్లు. షరతులు పెట్టారు. ఉద్యోగుల ప్రతినిధులు సమానంగా ఉండే ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ఎవరినైనా తొలగిస్తే లేబర్ శాఖకి తెలపాలి. రాజీనామాగా రాయించుకుంటే తొలగింపే జరగనట్టు. తెలపాల్సిన పనీ లేదు. లేబర్ శాఖ రికార్డులో ఆ పదకొండు మందీ ఇష్టపడి వెళ్లినవాళ్లే.

పని పోతుందన్న తమ్ముడికి ఒక మాట. 2024 జూలైలో ఐటీకి రోజుకి పద్నాలుగు గంటల దాకా పని చేయించుకునే ప్రతిపాదన వచ్చింది. కేఐటీయూ, అంటే మన ఐటీ వాళ్ల యూనియనే, దాని మీద గట్టిగా గొడవ చేసింది. ఆ ఏడు అది చట్టం కాలేదు. ఆ గొడవకి మనీలా పోయిన పని నాకైతే కనబడలేదు.

హిందూపురం అన్నా, రెండు పనులు. ఒకటి, రాజీనామా చేసినా, తీసేసినా, రావాల్సిన జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. నలభై ఐదు రోజులు అంటే ఒప్పుకోకండి. ఆరేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ వేరే వస్తుంది, రాజీనామాతో అది పోదు. రెండు, బలవంతంగా రాయించారని నిరూపించే భారం మీ మీదే ఉంటుంది. అందుకే ఇవాళే మీ సొంత మెయిల్ నుంచి కంపెనీకి రాయండి. ఏ గదిలో, ఎన్నింటికి, ఎవరు, ఏమన్నారు, ఫోన్ ఎక్కడ పెట్టించారు, అన్నీ. నెల తర్వాత రాస్తే ఆలోచించుకుని కల్పించారంటారు.

అవతలి కుర్చీ:
ఇది నేను రాయకూడదేమో. ఆ పదకొండు మంది మెయిల్స్‌లో వాక్యాలు ఒకటేనా అని చూసుకోండి. ఒకే టెంప్లేట్ అయి ఉంటుంది.

హిందూపురం ప్యాసింజర్:
చూశాం మేడమ్. ఏడుగురి నంబర్లు దొరికాయి. ఐదుగురు తమ మెయిల్ గుర్తున్నంత చెప్పారు, ఒకరు పంపేముందు తన పర్సనల్ మెయిల్‌కి కాపీ పెట్టుకున్నారు. నాదీ ఆయనదీ కామాతో సహా ఒకటే. అందరికీ వ్యక్తిగత కారణాలే.

నిన్న రాత్రి కంపెనీకి రాసి పంపాను. రాసేటప్పుడు చేతులు వణికాయి, పాప పక్కనే పడుకుని ఉంది. ఇద్దరు మాత్రం కొత్త ఆఫర్ చేతిలో ఉంది, మమ్మల్ని వదిలెయ్ అన్నారు. వాళ్లని తప్పు పట్టను. సోమవారం పదింటికి మిగతా ఐదుగురూ నేనూ బన్నేరుఘట్ట రోడ్డు కార్మిక భవన్‌కి, అంటే లేబర్ శాఖ ఆఫీసుకి, పోతున్నాం. కాగితాలన్నా, అర్జీ కన్నడలో రాయాలా, ఇంగ్లీషు చాలా? బొమ్మనహళ్లి అక్కా, కన్నడ బాగా రాసేవాళ్లు తెలిస్తే చెప్పు.

బొమ్మనహళ్లి లైన్ నంబర్ నాలుగు:
నాకు వచ్చు. ఆదివారం సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గరికి వస్తా. మెయిల్ కాపీ ప్రింట్ తీసుకురా.